ఎన్ని పొరలు అని అడగకండి

జపాన్ నుంచి తెచ్చుకున్న నా చాకును ఎవరి చేతికి ఇచ్చినా రెండే ప్రశ్నలు. మొదటిది ధర. రెండోది, "ఎన్ని పొరలు?" ధర అడిగితే మా ఆవిడ ఎదుట ఒక జవాబు, చాటున ఒక జవాబు చెబుతాను. పొరల సంగతి అడిగితే మాత్రం ఎవరి ఎదుటనైనా విసుగే. పూతరేకు చేతికిచ్చినప్పుడు ఎన్ని మడతలో లెక్క చెబితేగాని తిననన్న మనిషిని నేనింతవరకు చూడలేదు. జపాన్ చాకు అనేసరికి అందరికీ లెక్కలు గుర్తుకొస్తాయి.

చాకు ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. మడత చాకు. మూస్తే అరచేతిలో ఇమిడిపోతుంది, తెరిస్తే జానెడుకు కాస్త తక్కువ. అలుగు, అంటే కోసే రేకు, మీద బూడిద రంగులోనూ వెండి రంగులోనూ సన్నటి గీతలు అలలు అలలుగా సాగి, వాదర, అంటే పదునైన అంచు, దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా ఆగిపోతాయి. అక్కడి నుంచి చివరిదాకా నునుపైన మెరుపు తప్ప ఒక్క గీత లేదు. ఆ గీతలు ఒకదాని మీద ఒకటి అతికించిన లోహపు పొరల అంచులు. చూసినవాళ్ళంతా ఆ అలల దగ్గరే ఆగుతారు. నాకు ఆ అలలు ఆగిన చోటు గురించి చెప్పాలని ఉంది.

ఉద్యోగం పేరుతో రెండేళ్ళు నగోయాలో ఉన్నాను. అక్కడికి ఉత్తరాన గిఫు ప్రాంతంలో సెకి అనే ఊరు. మీనో-ఓతాలో పెద్ద రైలు దిగి, నగారాగవా రైల్వే వారి ఒంటిపెట్టె బండి ఎక్కితే పొలాల మీదుగా, పెరళ్ళ వెనకగా తీసుకెళ్ళి దింపుతుంది. మధ్యయుగాల నుంచీ అది కత్తుల ఊరు. 1876లో మెయిజీ ప్రభుత్వం సామురాయ్‌లు నడుముకు కత్తి కట్టుకుని తిరగడాన్ని నిషేధించేసరికి దేశమంతటా కత్తులు చేసే కమ్మరులకు పని పోయింది. సెకి వాళ్ళు వంటకత్తులు, కత్తెరలు, మంగలికత్తులు, జేబు చాకుల వైపు తిరిగారు. ఇవాళ గడ్డం గీసే బ్లేళ్ళకూ వంటింటి కత్తులకూ పేరున్న కాయ్ సంస్థ 1908లో ఈ ఊళ్ళోనే జేబు చాకులు చేస్తూ మొదలైంది.

నేను వెళ్ళిన దుకాణం చిన్నది. యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. నాకు వచ్చిన జపనీసు భోజనం అడగడానికీ, రైలు ఎక్కడానికీ సరిపోతుంది, అంతే. నేనూ అందరిలాగే పొరలు ఎన్నని అడిగాను. ఆయన అట్టపెట్టె మీది అంకెను వేలితో చూపించి, పెట్టెను పక్కన పెట్టేశారు. తర్వాత చాకును నా చెవి దగ్గరికి తెచ్చి తెరిచారు. టక్. మూసి మళ్ళీ తెరిచారు. అదే టక్. బల్ల మీద ఉన్న మరో చాకు తెరిచారు. దాని చప్పుడులో చిన్న బొంగురు ఉంది. ఆ రెండో చాకు పెట్టె మీద పొరల సంఖ్య ఎక్కువ. ఆయన ఇంకేమీ చెప్పలేదు. చెప్పినా నాకు అర్థమయ్యేది కాదు.

నా చాకు పెట్టె మీది అంకె 33. బజారులో 67 కూడా బాగా కనిపిస్తుంది. ఈ సంఖ్యలు తరచు బేసిగా ఉండటానికి పెద్ద రహస్యం లేదు. నడిమిన ఒకటి, అటు 16, ఇటు 16. రెండో రకంలో అటు 33, ఇటు 33. కోసేది నడిమి పొర ఒక్కటే. ఈ చాకుల్లో అది చాలామటుకు వీజీ-10 అనే తుప్పు పట్టని ఉక్కు: సుమారు ఒక శాతం కార్బన్, 15 శాతం దాకా క్రోమియం, ఒకటిన్నర శాతం కోబాల్ట్, కాస్త మాలిబ్డినం, వెనేడియం. మిగతా 32 పొరలూ దానికి రెండు వైపులా తొడిగిన మెత్తని తొడుగు. చాకు వెన్ను మందం 3 మిల్లీమీటర్లు అనుకుంటే ఒక్కో పొర సగటున మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. వాదర దగ్గర అలుగును పలచన చేస్తూ పోతే పై పొరలన్నీ ఒకటి తర్వాత ఒకటి అరిగిపోయి చివరికి నడిమిది బయటపడుతుంది. గీతలు ఆగిపోయిన చోటు అదే. నిమ్మకాయను తాకేది, తాడును తెంపేది, పెన్సిలు చెక్కేది అక్కడి నుంచి మొదలయ్యే ఒంటి పొర ఉక్కు. 33 కాదు, 330 పొరలున్నా కోతలో మార్పు రాదు.

ఈ పొరల పలకను కూడా సెకి కమ్మరి కొలిమి ముందు కూర్చుని సమ్మెటతో కొట్టి చేస్తాడని ఊహించుకుంటే అది మన సినిమా చూపు. ఇలాంటి ఉక్కులో చాలా భాగం ఫుకుయి ప్రాంతంలోని తకెఫు నుంచి వస్తుంది. 1954లో మొదలైన తకెఫు స్పెషల్ స్టీల్ కర్మాగారం అక్కడుంది. వీజీ-10 కూడా వాళ్ళ సృష్టే. పలకలు అక్కడే అతుక్కుని, సాగి, చదునై వస్తాయి. చాకులు చేసేవాళ్ళు ఆ పలకను అచ్చుతోనో లేజర్‌తోనో అలుగు ఆకారంలో కత్తిరించి, వేయి డిగ్రీలు దాటేదాకా కాల్చి చల్లార్చి, సాన పట్టి, చివరికి ఆమ్లంలో ముంచుతారు. పొరల్లో రెండు రకాల లోహాలు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. క్రోమియం, నికెల్ పాళ్ళు వేరు కాబట్టి ఆమ్లం ఒకదాన్ని ఎక్కువ తిని మసకబారుస్తుంది, ఇంకొకదాన్ని తళతళలాడేలా వదిలేస్తుంది. అలల వంపు కావాలంటే పలక ఇంకా మందంగా ఉన్నప్పుడే దాని మీద గుంటలు పెట్టి, ఆ తర్వాత చదును చేస్తారు. పైకి చదునైనా లోపలి పొరలకు ఆ గుంటల జ్ఞాపకం మిగులుతుంది.

ఈ అలలకు జపనీసులో సుమినగాషి అని పేరు. తేలే సిరా అని అర్థం. తొట్టిలో నీళ్ళ మీద సిరా చుక్కలు వదిలి, ఊపిరితో ఊది, ఆ సుడులను కాగితం మీదికి ఎత్తుకునే విద్య అది. హెయియన్ కాలం నాటిది, అంటే మనకు నన్నయ భారతం రాసిన రోజులకు అటూ ఇటూ. ఆ కాగితపు విద్యను తరతరాలుగా పట్టుకుని వచ్చిన కుటుంబం ఒకటి తకెఫులోనే ఉండటం నాకు భలే నచ్చిన సంగతి. ఒక ఊళ్ళో కాగితం మీద సిరా, ఉక్కు మీద ఆమ్లం. 2005లో తకెఫు పక్క ఊరితో కలిసి ఎచిజెన్ నగరమైంది, అందుకని పటంలో వెతికేవాళ్ళు ఆ పేరుతో చూడాలి.

పొరల లెక్క మీద మోజు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. జపాన్ కత్తిని వేల సార్లు మడుస్తారని ఎవరో చెబుతారు, మనం నోరు తెరుచుకుని వింటాం. వేల సార్లు మడవరు. పది, పదిహేను సార్లు మడుస్తారు. చదరంగపు గళ్ళలో గింజలు రెట్టింపు చేస్తూ పోయే కథ తెలిసినవాళ్ళకు తక్కినది చెప్పనక్కరలేదు: పదిహేను మడతలకు పొరలు 32,768. అన్ని మడతలు వేసింది అందం కోసం కాదు, గతిలేక. షిమానె ప్రాంతపు ఇనుప ఇసుకను బొగ్గుతో కలిపి మట్టి కొలిమిలో మూడు రాత్రులు మూడు పగళ్ళు కాలిస్తే వచ్చే తమహగానె ఉక్కు ముద్ద అంతటా ఒకేలా ఉండదు. ఒకచోట కార్బన్ ఎక్కువ, ఒకచోట తక్కువ, మధ్య మధ్య చిట్టెం. మడిచి కొట్టి, మళ్ళీ మడిచి కొట్టి దాన్ని పిండి ముద్దలా కలుపుతారు, మలినాన్ని బయటికి పిండుతారు. ఆ పాత కొలిమిని 1977లో ఖడ్గ పరిరక్షణ సంఘం మళ్ళీ వెలిగించింది. ఇప్పటికీ చలికాలంలో కత్తుల కమ్మరుల కోసం దాన్ని కాలుస్తున్నారు.

అంటే కత్తిలో పొరలు వాదర దాకా ఉంటాయి, ఎందుకంటే ఆ ఉక్కుకు ఆ కలపడం అవసరం. చాకులో పొరలు వాదరకు ముందే ఆగిపోతాయి, ఎందుకంటే కర్మాగారంలో కరిగించి పోసిన వీజీ-10కు ఆ అవసరం లేదు. రెండింటినీ ఒకే గాటన కట్టి, సామురాయ్ బొమ్మ వేసి అమ్మే ప్రకటనల మీద నాకు ఒళ్ళుమంట.

అంతకన్నా పెద్ద మంట ఇంకొకటి ఉంది. దేశాభిమానం అని నవ్వుకున్నా సరే. ఈ జపాన్ చాకును ప్రపంచ బజారులో సిరియాలోని పట్నం పేరు పెట్టి డమాస్కస్ ఉక్కు అంటారు. డమాస్కస్ కత్తుల మీద ఐరోపావాళ్ళు మురిసిపోయిన అలల గీతలు పొరలు అతికిస్తే వచ్చినవి కావు. మూసలో, అంటే లోహం కరిగించే మట్టి పాత్రలో, మూతపెట్టి గంటల తరబడి కాల్చిన ఉక్కు ముద్దలోంచే పుట్టినవి. ఆ ముద్దలు దక్షిణ భారతం నుంచీ సింహళం నుంచీ ఓడలెక్కాయి. వాటిలో పేరున్నవి మన ఉత్తర తెలంగాణవి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారయ్యే ఉక్కు కోసం పారశీక వర్తకులు ఇస్ఫహాన్ నుంచి వచ్చి కూర్చునేవారని 19వ శతాబ్దం తొలినాళ్ళలో అక్కడికి వెళ్ళిన హెన్రీ వాయిసీ రాశాడు. వర్తకులే దగ్గరుండి సరుకు పరీక్షించుకునేవారట. ఇంగ్లీషువాళ్ళు దాన్ని వూట్జ్ అన్నారు. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీ ఎదుట చదివిన పత్రంతో ఆ పేరు శాస్త్రంలో స్థిరపడింది. అది మన ఉక్కు అనే మాటే, కన్నడిగులకూ మనకూ ఉమ్మడి మాట, వాళ్ళ నోట తిరగక అలా అయింది.

ఆ ముద్దను తక్కువ వేడిలో ఓపికగా సాగగొడితే లోపలి కార్బైడ్ (ఇనుము, కార్బన్ కలిసిన) రేణువులు బారులు తీరి గీతలవుతాయి. ముడి ఖనిజంలో వెనేడియం లాంటి మూలకాలు అణుమాత్రం ఉండటమే ఆ బారులకు కారణమని 1990లలో జాన్ వెర్‌హోవెన్ అనే లోహశాస్త్రవేత్త, ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరి కలిసి చేసి చూపించారు. అంటే అక్కడ గీత ఎవరూ గీసింది కాదు. ఖనిజం తెచ్చుకున్న గుణం, కమ్మరి దాన్ని చెడగొట్టకుండా బయటికి తెచ్చాడు. జపాన్ చాకులో గీత ముందే లెక్క వేసుకుని పెట్టింది. రెండూ అందమైనవే, కానీ చుట్టరికం లేదు. జపాన్ వాళ్ళకు సుమినగాషి అనే చక్కటి సొంత పేరు ఉంది. మనవాళ్ళకు ఉక్కు అనే పేరు ఉంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు. ఇక్కడ ఊరిదే గొప్ప, పేరు మాత్రం మధ్యలో సంత జరిగిన పట్నానికి దక్కింది. 2010లో భారత, బ్రిటన్ పరిశోధకులు ఉత్తర తెలంగాణ ఊళ్ళ వెంట తిరిగి చిట్టెపు దిబ్బలు, పగిలిన మూసల ముక్కలు లెక్క రాసుకున్నారు. ఆ ముక్కల మీదుగానే ఇప్పుడు మొక్కజొన్న, పసుపు పండుతున్నాయి.

ఉక్కు అనే మాటకు కరిగించడమనే అర్థంతో చుట్టరికం ఉందంటారు, తమిళంలో అది ఉరుక్కు. జపనీసులో ఉక్కును హగానె అంటారు. 'హ' అంటే వాదర, 'కానె' అంటే లోహం. మనవాళ్ళు అది ఎలా పుట్టిందో చూసి పేరు పెట్టారు, వాళ్ళు అది ఎక్కడ పని చేస్తుందో చూసి పెట్టారు. వాదరకు మాత్రమే వాడే లోహం, తక్కినచోట్ల వాడితే దండగ అన్నట్టు. నా దృష్టిలో జపాన్ పొరల విద్య మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

అది కళ్ళారా చూడాలంటే సెకి కాదు, మికి వెళ్ళాలి. కోబె నుంచి కొండలెక్కుతూ నెమ్మదిగా పోయే రైలు ఉంది. 1578 నుంచి 1580 దాకా హిదెయోషి అనే సేనాని ఆ ఊరి కోటను చుట్టుముట్టి, తిండి అందకుండా చేసి, ఆకలితో లొంగదీశాడు. తర్వాత పాడుపడిన ఊరు కట్టుకోవడానికి వడ్రంగులు వచ్చారు, వాళ్ళకు ఉలులూ రంపాలూ చేసిపెట్టే కమ్మరులు వచ్చారు. మికి నేటికీ వడ్రంగి పనిముట్ల ఊరు. 1890ల నడుమ ఒక వర్తకుడు క్యూషూ దీవి నుంచి తెచ్చిన చాకు నమూనాను చూసి ఇక్కడి కమ్మరులు ఒక మడత చాకు చేశారు. సరుకు ఎక్కువగా క్యూషూలోని హిగో సీమకే పోయేది. అందుకని దానికి హిగోనోకామి, అంటే హిగో ప్రభువు అని పేరు పెట్టారట. రెండణాల చాకుకు ప్రభువు పేరు. ఒకప్పుడు పదుల కొద్దీ కొలుముల్లో తయారైన ఆ పేరుతో ఇప్పుడు నగావో కనెకోమా అనే ఒక్క కార్ఖానా మిగిలింది.

దాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకుంటే నిరాశ పుడుతుంది. ఇత్తడి రేకునో ఇనుప రేకునో మధ్యకు మడిచి పిడి చేశారు. ఒక రివెట్. అలుగు. అంతే. స్ప్రింగు లేదు, తాళం లేదు, మర లేదు. అలుగు వెనక చికిరి అనే చిన్న తోక బయటికి పొడుచుకుని ఉంటుంది. బొటనవేలితో దాన్ని నొక్కితే అలుగు తెరుచుకుంటుంది, వాడుతున్నంతసేపూ అదే వేలితో తోకను పిడికి అదిమి పట్టుకోవాలి. వేలు తీస్తే తాళం తీసినట్టే. పిడి మీద చెక్కిన అక్షరాలు కాస్త వంకరగా కూడా ఉంటాయి. ధర నా సెకి చాకులో పదో వంతు లేదు.

మంచి రకం హిగోనోకామి అలుగును వాదర దగ్గర చూస్తే వారికోమి తెలుస్తుంది. మెత్తని ఇనుమును నడుమ చీల్చి, ఆ చీలికలో గట్టి ఉక్కు ముక్క పెట్టి, కాల్చి అతికించడాన్ని వారికోమి అంటారు. పెట్టేది తరచు అవోగామి, నీలి కాగితపు ఉక్కు. షిమానెలోని యసుగి కర్మాగారం తన ఉక్కు రకాలకు అంటించిన కాగితాల రంగును బట్టి వచ్చిన పేరు అది. తెల్ల కాగితపు ఉక్కు దాదాపు ఇనుము, కార్బన్ మాత్రమే. దానికి కాస్త టంగ్‌స్టన్, క్రోమియం కలిపితే నీలి కాగితం. ఇప్పుడీ అతుకు కూడా కర్మాగారంలోనే జరిగి పలకగా వస్తుంది, కానీ లెక్క పాతదే. మొత్తం పొరలు మూడు. ఇనుము, ఉక్కు, ఇనుము.

ఆ మూడు పొరలను చూడగానే నాకు మా ఊరి కొలిమి గుర్తుకొచ్చింది. చిన్నప్పుడు తాతతో గొడ్డలి పట్టుకుని వెళ్ళేవాణ్ణి. అంచు అరిగి మొద్దుబారితే కమ్మరి తాత దాన్ని ఎర్రగా కాల్చి, అంచులో చీలిక చేసి, పాత ఆకురాయి ముక్కను ఇరికించి సమ్మెట వేయించేవాడు. తిత్తి తిప్పే పని నాది. "గొడ్డలంతా ఉక్కుతోనే చేయొచ్చు కదా తాతా" అని అడిగితే, "అంతా ఉక్కయితే రాతికి తగిలినరోజు రెండు ముక్కలవుతుందిరా అబ్బాయీ. పైగా ఉక్కేమన్నా మీ తాత పొలంలో పండుతుందా?" అన్నాడు. రెండు కారణాలూ మికి కమ్మరివే. గట్టి ఉక్కు పెళుసు, దాన్ని మెత్తని ఇనుము మోస్తుంది. గట్టి ఉక్కు ప్రియం, వాదరకు చాలినంతే పెట్టాలి. మూడో కారణం కూడా ఉంది, అది సాన పట్టేవాడికి తెలుస్తుంది. అలుగంతా గట్టి ఉక్కయితే రాయి మీద జారుతుంది, పలచన చేయాలంటే గంటలు పడుతుంది. పక్కలు మెత్తగా ఉంటే రాయి వాటిని ఇట్టే తింటుంది. మూడు పొరలకు ఇన్ని కారణాలు చెప్పగలను. నాలుగో పొర నుంచి ముప్పై మూడో పొర దాకా చెప్పడానికి నా దగ్గర ఒక్క కారణమూ లేదు, అందంగా ఉంటాయన్నది తప్ప.

హిగోనోకామి ఒకప్పుడు జపాన్ బడిపిల్లల జేబుల్లో ఉండేది. పెన్సిలు చెక్కుకోవడానికి. మనం సగానికి విరిచిన బ్లేడు ముక్కతో చెక్కుకున్నాం, వేళ్ళు కోసుకున్నాం, ఎవరూ మన బ్లేళ్ళ మీద ఉద్యమం చేయలేదు. అక్కడ చేశారు. 1960 అక్టోబరు 12న టోక్యోలోని హిబియా హాలులో సోషలిస్టు నాయకుడు ఇనెజిరో అసనుమా వేదిక మీద మాట్లాడుతుండగా పదిహేడేళ్ళ కుర్రవాడు పొడిచి చంపాడు. పొడిచింది పొట్టి ఖడ్గంతో, జేబు చాకుతో కాదు. అయినా పిల్లల చేతికి పదునైన వస్తువు ఇవ్వకూడదన్న ఉద్యమం దేశమంతా పాకి, చాకులు బడి సంచుల్లోంచి మాయమయ్యాయి. పెన్సిలు చెక్కే యంత్రాలు వచ్చాయి. మికిలో కొలుములు ఒకటొకటిగా ఆరిపోయాయి. నాగనో ప్రాంతంలోని ఇకెదా అనే పట్టణంలో మాత్రం ఒక ప్రాథమిక పాఠశాల 1980ల నుంచి ఒకటో తరగతి పిల్లలకు హిగోనోకామి ఇచ్చి, పెన్సిళ్ళు దానితోనే చెక్కిస్తోంది. ఇప్పటి చట్టంలో సాధారణంగా ఆరు సెంటీమీటర్లు దాటిన అలుగును సరైన కారణం లేకుండా వెంట పెట్టుకుని తిరగకూడదు. ఆత్మరక్షణ సరైన కారణం కింద లెక్కకు రాదు. నేను కొన్నవాటిని పెట్టె విప్పకుండా, బిల్లుతో సహా గదికి తెచ్చుకున్నాను, వచ్చేటప్పుడు విమానంలో కిందికి వేసే పెట్టెలో సర్దాను.

ఇంటికి తెచ్చాక హిగోనోకామికి మా అమ్మ పరీక్ష పెట్టింది. పచ్చి మామిడికాయ తరిగింది. రెండు నిమిషాల్లో అలుగు నీలంగా, తర్వాత నల్లగా మారింది. ముక్కల అంచులూ నల్లబడ్డాయి. "ఏమిట్రా ఇది, కాయంతా ఇనుప కంపు! ప్రభువట ప్రభువు!" అని చాకును సింకులో పడేసింది. నీలి కాగితపు ఉక్కులో తుప్పును ఆపేంత క్రోమియం లేదని ఆమెకు చెప్పి లాభం లేదు. అప్పటి నుంచి అది నా బల్ల సొరుగులో పెన్సిళ్ళ పక్కన, తన పాత ఉద్యోగంలోనే ఉంది.

సెకి చాకుకు మాత్రం వంటింట్లో అడ్డు లేదు. తుప్పు పట్టదు, వాసన రాదు, చూడముచ్చటగా ఉంటుంది. కానీ దానికి నేను ఇచ్చిన డబ్బు దేనికి ఇచ్చానో అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. మామూలు కత్తికి అలుగు బాగుంటే చాలు. మడత చాకుకు అలుగు సగమే. ఇరుసు దగ్గర వెంట్రుకవాసి వదులున్నా అలుగు అటూ ఇటూ ఆడుతుంది, అంతే బిగుతున్నా తెరవడానికి గోరు విరుగుతుంది. మూసినప్పుడు అలుగు రెండు పక్కల రేకులకూ సరిగ్గా నడుమ దిగాలి. తెరిచినప్పుడు లోపలి తాళపు రేకు పక్కకు వంగి అలుగు మడమ కింద కూర్చోవాలి, ఏళ్ళ తరబడి అరిగినా అక్కడే కూర్చోవాలి. సెకిలో ఈ పనులన్నీ ఒకే కప్పు కింద జరగవు. అచ్చు వేసేది ఒకరు, కాల్చేది ఒకరు, సాన పట్టేది ఇంకొకరు, పిడి చెక్కేది మరొకరు. ఊరంతా చిన్న చిన్న కార్ఖానాలు, ఒక చాకు నాలుగు వీధులు తిరిగి చివరికి కూర్చేవాడి బల్ల మీదికి వస్తుంది. నలుగురి చేతుల తేడాలనూ సర్దేది ఆ కూర్చేవాడే. దుకాణం పెద్దాయన నా చెవిలో వినిపించిన టక్ ఆ సర్దుబాటు చప్పుడు. దానికి పెట్టె మీద అంకె వేయడం కుదరదు, అందుకే పొరలకు వేస్తారు.

కాబట్టి చాలాకాలం నా వాదన సూటిగా ఉండేది. పొరలు అలంకారం, కీలే అసలు పని, అంకెలు చూసి డబ్బు తగలేయకండి. తెలిసినవాళ్ళందరికీ ఇదే ఉపన్యాసం ఇచ్చాను. మొదటి భాగం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, అదీ నా చేతకానితనం వల్ల.

ఒక ఆదివారం సెకి చాకుకు పదును పెడుతూ, హిగోనోకామికి చేసినట్టే అలుగును సానరాయి మీద వాలుగా కాకుండా పూర్తిగా పడుకోబెట్టి రుద్దాను. ఐదారు నిమిషాల తర్వాత కడిగి చూస్తే ఒక పక్క అలలు లేవు. బట్టతల. ఆమ్లం చేసిన గీతల లోతు ఎంతని! గరుకు రాయి వాటిని ఊడ్చేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రెండు రోజులు సొరుగులో దాచాను.

పొరలు అలుగు లోపలి దాకా ఉన్నవే కాబట్టి ఆమ్లం మళ్ళీ పెడితే గీతలు తిరిగి రావాలి. కావాల్సింది ఫెర్రిక్ క్లోరైడ్. ఎలక్ట్రానిక్స్ చదివిన పాతకాపులకు దాని తుప్పు రంగు గుర్తుండే ఉంటుంది, సర్క్యూట్ బోర్డుల మీది రాగిని తినడానికి వాడేవాళ్ళం. హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి, కాలేజీ రోజుల్లో కొన్న వరసలోనే, చిన్న సీసా కొన్నాను. చాకు మరలు విప్పి అలుగును విడదీశాను. గరుకు కాగితంతో మొదలుపెట్టి రెండు వేల నంబరు కాగితం దాకా రెండు పక్కలా రుద్దాను. సబ్బుతో కడిగి, నీళ్ళు కలిపిన ద్రావణంలో దారం కట్టి వేలాడదీశాను. పావుగంట తర్వాత తీసి వంటసోడా నీళ్ళలో ముంచాను.

అలలు వచ్చాయి. కుడి పక్క దుకాణంలో చూసినప్పటిలాగే ఉంది. నడిమి ఉక్కు బయటపడే గీత మడమ నుంచి మొన దాకా వాదరకు సమాంతరంగా, దారం పట్టి గీసినట్టు ఉంది. పటంలో కొండ ఎత్తును చూపించే సమోన్నత రేఖలు గుర్తున్నాయా? ఇవి అవే. అలుగు పక్క వాలు ఎక్కడ ఎంతుందో ఒక్కో పొర ఒక్కో గీత గీసి చూపిస్తుంది. వాలు చాలా తక్కువ కోణం కాబట్టి మిల్లీమీటరులో వందో వంతు ఎక్కువ అరిగినా పొర అంచు దానికి పదింతలు పక్కకు జరుగుతుంది. ఒకే రకం ఉక్కుతో చేసిన అలుగులో సాన పట్టినవాడి చెయ్యి తడబడినా మన కంటికి తెలియదు, మెరుగు పెడితే దాగిపోతుంది. పొరల అలుగులో దాగదు. ఆ గీతను అంత తిన్నగా తెచ్చిన సెకి మనిషి ఎవరో నాకు తెలియదు. తిరిగే చక్రం ముందు, కొలత పరికరం లేకుండా, రెండు పక్కలా ఒకే వాలు తీశాడు. దుకాణంలో ఆ సంగతి నా కంటి ముందే ఉంది. నేను పొరలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఎడమ పక్క తిప్పాను. మొనకు రెండు వేళ్ళ ఇవతల, నేను రాయి మీద బలంగా నొక్కిన చోట, నడిమి గీత తిన్నగా రావడం మాని ఒక మిల్లీమీటరు పైకి ఉబ్బి, మళ్ళీ కిందికి దిగింది. చుట్టుపక్కల అలలన్నీ ఆ ఉబ్బును చుట్టుకుని పోతున్నాయి.

చాకును మళ్ళీ కూర్చి, మరలు బిగించి, చెవి దగ్గర పెట్టుకుని తెరిచాను. చప్పుడులో కాస్త బొంగురు ఉంది. మర పావు వంతు వదులు చేసి మళ్ళీ తెరిచాను.